రిపోర్టులో ‘స్వల్పం’ అని రాసి ఉంది

డెంటిస్టు గాజుగుడ్డను వేలికి చుట్టుకుని నా నాలుక ఎడమ అంచును రెండుసార్లు గట్టిగా తుడిచారు. లైటు ఇంకాస్త కిందికి లాగి మళ్లీ చూశారు. “ఇది ఎప్పట్నుంచి ఉందమ్మా?” అన్నారు. ఏదని అడిగితే అద్దం చేతికిచ్చారు. దవడ పన్నుకు ఎదురుగా, నాలుక పక్కన, చిటికెన వేలి గోరంత తెల్లటి మచ్చ. నొప్పి లేదు, మంట లేదు. నేను వెళ్లింది పన్ను జివ్వుమంటోందని. ఆ పన్ను సంగతి ఆ రోజు ఇద్దరం మర్చిపోయాం.

అప్పటికి నాకు 49 ఏళ్లు. పొగాకు ఏ రూపంలోనూ ఎరగను. వక్క నమల్లేదు, మద్యం ముట్టలేదు. ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. ఆ తర్వాత నన్ను చూసిన ప్రతి డాక్టరూ, ప్రతి చుట్టమూ మొదట అడిగింది అదే. లేదంటే కొందరు నమ్మలేదు. నమ్మినవాళ్లు “అయితే నీకేం భయం లేదులే” అన్నారు. ఆ ఓదార్పు తప్పని నాకు తర్వాత తెలిసింది. పొగాకు వాడేవాళ్లలోనే ఇలాంటి మచ్చలు ఎక్కువగా వస్తాయి, నిజమే. కానీ ఆ అలవాటు లేనివాళ్లకు వచ్చినప్పుడు అవి క్యాన్సర్‌గా మారే అవకాశం ఇంకా ఎక్కువని చాలా అధ్యయనాల్లో కనిపించింది. మచ్చ ఎక్కడుందన్నదీ ముఖ్యమే. నాలుక పక్క అంచు, నాలుక అడుగు, నోటి నేల... ఈ చోట్ల వచ్చేవాటిని బుగ్గ లోపలి మచ్చలకన్నా జాగ్రత్తగా చూస్తారు. నాది సరిగ్గా అలాంటి చోటే.

పన్ను మొన ఒకటి వాడిగా ఉందని అరగదీసి, రాపిడి వల్ల వచ్చిందైతే రెండు వారాల్లో తగ్గాలని చెప్పి పంపారు. తగ్గలేదు. అప్పుడు విన్నాను ‘ల్యూకోప్లేకియా’ అన్న పేరు. అది జబ్బు పేరు కాదని అర్థం కావడానికి నాకు కొంత సమయం పట్టింది. తుడిస్తే పోయే ఫంగస్ పొర కాదు, పన్ను రాపిడి కాదు, లైకెన్ ప్లానస్ అనే నోటి పొర జబ్బు కాదు అని ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోతే చివరికి మిగిలే పేరు అది. లోపల కణాలు ఎలా ఉన్నాయో ఆ పేరు చెప్పదు. అది తెలియాలంటే ముక్క తీయాల్సిందే.

ముక్క తీయడం పెద్ద కష్టమేమీ కాలేదు. ముందు టొలూడిన్ బ్లూ అనే నీలం రంగు పూసి, పుక్కిలించమన్నారు. మచ్చ అంతటా రంగు పోయింది గానీ వెనక వైపు ఒక్కచోట మాత్రం నిలిచింది. అక్కణ్నుంచే తీశారు. మత్తు ఇంజెక్షను, రెండు కుట్లు, అంతే.

వారం తర్వాత రిపోర్టు వచ్చింది. పైపొర మందంగా ఉంది, స్వల్ప స్థాయి డిస్‌ప్లాసియా (అంటే కణాల తీరు చెడటం), క్యాన్సర్ లేదు. మా వారు ఆస్పత్రి మెట్ల మీదే నిలబడి అందరికీ ఫోన్లు చేశారు. ‘స్వల్పమేనట, స్వల్పమేనట’ అంటుంటే పక్కన నిలబడి నేనూ తల ఊపాను. ఆ డాక్టరు ఆరు నెలల తర్వాత కనబడమన్నారు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిద్రపట్టింది.

మా అక్క మాత్రం వదల్లేదు. “ఇంకొకళ్లకి కూడా చూపిద్దామే, ఏం పోయింది” అని అదే స్లైడును నోటి క్యాన్సర్లు చూసే ఇంకో చోటికి పట్టించింది. స్లైడును సూక్ష్మదర్శినిలో చూసి చెప్పే అక్కడి పాథాలజిస్టు ‘మధ్యస్థం’ అని రాశారు.

అదే ముక్క, అదే గాజు పలక, వేరు వేరు మాటలు. నాకు కోపం వచ్చింది, ఎవరో ఒకరు సరిగ్గా చూడలేదనుకున్నాను. కొత్త డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు. నోటి పొరను అడుగు నుంచి పైకి మూడు భాగాలుగా ఊహించుకుంటారు. కణాల తీరు చెడటం కింది మూడో వంతులోనే ఉంటే స్వల్పం, మధ్య మూడో వంతులోకి పాకితే మధ్యస్థం, దాదాపు పైదాకా వస్తే తీవ్రం. కానీ కణాలు గీత గీసినట్టు ఆగవు. చెడటం ఎక్కడ ఆగిందో చూసే కంటి మీద ఆధారపడుతుంది. అనుభవం ఉన్న పాథాలజిస్టుల మధ్య కూడా ఈ తేడాలు వస్తాయని, అందుకే కొందరు మూడు మెట్లు వదిలేసి ‘తక్కువ ప్రమాదం, ఎక్కువ ప్రమాదం’ అని రెండే పెట్టుకుంటున్నారని ఆయన అన్నారు.

నేను చేసేది పుస్తకాలకు ప్రూఫులు దిద్దే పని. ఒకే ఫారాన్ని ఇద్దరం దిద్దితే ఇద్దరికీ అవే తప్పులు దొరకవు. అది నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు. నా నాలుక విషయానికొచ్చేసరికి మాత్రం ఒక్క మాట రాసిన కాగితాన్ని వేదవాక్యంలా పట్టుకున్నాను.

అప్పుడే ఆయన జన్యు పరీక్ష సంగతి ఎత్తారు. ఇది మామూలుగా అందరికీ చేసేది కాదు, ఒక పరిశోధనలో భాగంగా చేస్తున్నామన్నారు. తీసిన ముక్కలో మిగిలింది మైనం బ్లాకులో భద్రంగా ఉంది కాబట్టి మళ్లీ కోయక్కర్లేదు. నేనివ్వాల్సింది కాస్త రక్తం, ఒక సంతకం. ఆ అంగీకార పత్రంలో ఒకచోట ‘ఫలితం నాకు తెలియజేయాలి / అక్కర్లేదు’ అని ఉంది. దాని దగ్గర పెన్ను ఆగిపోయింది. “తెలిసి ఏం చేస్తాం?” అన్నారు మా వారు. విసుగుతో అన్న మాట కాదది. నాకూ జవాబు తెలియలేదు. అయినా ‘తెలియజేయాలి’ దగ్గర టిక్కు పెట్టాను. తప్పు ఎక్కడుందో తెలిసీ చూడకుండా పేజీ తిప్పడం నా చేతకాదు.

పరీక్ష చేసే అమ్మాయి నా పనేమిటో తెలుసుకుని, అయితే మీకు చెప్పడం తేలికేనంది. మన దాదాపు ప్రతి కణంలో 46 క్రోమోజోములు, అంటే 23 జతలు. ప్రతి జతలో అమ్మ నుంచి ఒక ప్రతి, నాన్న నుంచి ఒక ప్రతి. ఒక్కో క్రోమోజోముకు ఒక పొట్టి చెయ్యి, ఒక పొడవు చెయ్యి ఉంటాయి. పొట్టిదాన్ని ‘పి’ అనీ, పొడవుదాన్ని ‘క్యూ’ అనీ అంటారు. నోటి మచ్చల విషయంలో వీళ్లు మొదట చూసేవి 3పి (అంటే మూడో క్రోమోజోము పొట్టి చెయ్యి), 9పి, 17పి, 4క్యూ లాంటి కొన్ని చేతులు. 9పి మీద సీడీకేఎన్2ఏ అనే జన్యువుంది. అది తయారుచేయించే పి16 అనే ప్రొటీను, కణం విభజనకు తొందరపడుతుంటే ఆపే బ్రేకు. 17పి మీద ఉన్నది టీపీ53. డీఎన్‌ఏ దెబ్బతిన్న కణాన్ని అది నిలబెట్టి బాగుచేయిస్తుంది, బాగుపడకపోతే ఆ కణాన్నే చావనిస్తుంది.

రెండు ప్రతుల్లో ఒకదాంట్లో ఒక పేజీ చిరిగిపోయినా రెండోది చూసి చదువుకోవచ్చు. రెండోదాంట్లోనూ అదే పేజీ పోతే ఆ సూచన ఇక కణానికి అందదు. 1971లో ఆల్ఫ్రెడ్ నడ్సన్ అనే శాస్త్రవేత్త చిన్నపిల్లల కంటి క్యాన్సర్‌ను పరిశీలించి ఈ ‘రెండు దెబ్బల’ లెక్క చెప్పారట. నా మచ్చలో వీళ్లు వెతికేది ఒక ప్రతిలో ముక్కకు ముక్కే ఊడిపోవడం. దాన్ని లాస్ ఆఫ్ హెటరోజైగోసిటీ అంటారు, రిపోర్టులో ఎల్‌ఓహెచ్ అని ఉంటుంది.

ఎలా పట్టుకుంటారో విన్నప్పుడు నాకు నిజంగా ముచ్చటేసింది. డీఎన్‌ఏలో కొన్నిచోట్ల రెండు మూడు అక్షరాలు అదేపనిగా తిరిగి తిరిగి వస్తుంటాయి. ఎన్నిసార్లు వస్తాయన్నది రెండు ప్రతుల్లో చాలాసార్లు వేరుగా ఉంటుంది. ఆ భాగాన్ని పీసీఆర్ అనే పద్ధతిలో లెక్కలేనన్ని నకళ్లుగా పెంచి చూస్తే రక్తంలో రెండు పొడవులకు రెండు శిఖరాలు కనిపిస్తాయి. మచ్చ నుంచి తీసిన కణాల్లో ఒకటే ఉంటే, రెండోది పోయినట్టు. రక్తం ఎందుకడిగారో అప్పుడు అర్థమైంది. సరిచూసుకోవడానికి అసలు ప్రతి కావాలి కదా. నాకు పుట్టుకతోనే రెండు పొడవులూ ఒకటైతే మాత్రం, ఆ చోట ఒకటి పోయినా తెలియదు. 3పి దగ్గర వాడిన ఒక గుర్తు నా విషయంలో అలాగే పనికిరాకుండా పోయింది. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మచ్చ అడుగున ఉండే మామూలు కణజాలం కలిస్తే దాంట్లోని మంచి డీఎన్‌ఏ లోపాన్ని కప్పేస్తుంది. అందుకని సూక్ష్మదర్శిని కింద పైపొరను మాత్రమే గీరి తీస్తారు. ఆ పిల్ల నా ముక్క మీద ఒక పూటంతా కూర్చుందట.

ఫలితం రావడానికి వారాలు పట్టింది. ఈలోగా నేను చేయకూడని పని చేశాను. రాత్రిళ్లు నెట్‌లో వెతికాను. క్రోమోజోముల సంఖ్యే అస్తవ్యస్తంగా ఉన్న తెల్ల మచ్చల్లో 84 శాతం క్యాన్సర్ అయ్యాయని 2001లో ఒక పెద్ద వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం దొరికింది. 84! ప్రింటు తీసుకుని డాక్టరు గారి ముందు పెడుతుంటే నా చేతులు వణికాయి. రాసినవాళ్ల పేరు చూడగానే డాక్టరు గారు దాన్ని పక్కకు జరిపారు. “దీన్ని 2006లో వెనక్కి తీసుకున్నారమ్మా.” నార్వేకు చెందిన ఆ పరిశోధకుడు 2005లో మరో పత్రికలో వేసిన వ్యాసంలోని 908 మంది రోగులూ కల్పితమేనని, వాళ్లలో 250 మందికి ఒకే పుట్టినరోజు రాసి ఉందని చెప్పారు. ఆ వ్యాసంతో మొదలుపెట్టి పాతవీ తవ్వితే ఇదీ నిలబడలేదు. నాలాంటివాళ్లు ఎందరు ఆ అంకె చదివి ఎన్ని రాత్రులు ఏడ్చి ఉంటారో అనిపించింది. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఆ కాగితం ఇంకా దొరుకుతూనే ఉంటుంది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

నా ఫలితం: 9పి పోయింది, 17పి పోయింది, 4క్యూ నిలిచింది.

ఈ లెక్కలకు ఆధారమేమిటని అడిగితే ఆయన రెండు అధ్యయనాలు చెప్పారు. 1996 నాటిది చిన్నది, తెల్ల మచ్చలున్న 37 మంది. 9పి, 3పి చేతుల మీది 9పి21 లేదా 3పి14 అనే చోట ముక్క పోయిన 19 మందిలో ఏడుగురికి నోటి, గొంతు ప్రాంతపు క్యాన్సర్ వచ్చింది. ఆ ముక్కలు నిలిచే ఉన్న 18 మందిలో ఒక్కరికే వచ్చింది. రెండోది 2012 నాటిది, కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో చేసింది. స్వల్ప, మధ్యస్థ డిస్‌ప్లాసియా ఉన్న 296 మందిని జన్యు లోపాలను బట్టి మూడు గుంపులు చేసి చూస్తే, ఐదేళ్లలో ముదిరినవి మొదటి గుంపులో 3.1 శాతం, మధ్య గుంపులో 16.3 శాతం, చివరి గుంపులో 63.1 శాతం. నన్ను మధ్య గుంపులో వేశారు.

ఆ 296 మందికీ సూక్ష్మదర్శిని చెప్పిన మాట ఇంచుమించు ఒకటే: స్వల్పం, లేదా మధ్యస్థం. నేను మెట్ల మీద నిలబడి తల ఊపిన మాటే. ఆ ఒక్క మాట కింద మూడు శాతమూ ఉంది, అరవై మూడు శాతమూ ఉంది.

పదహారు శాతం అంటే సుమారు ఆరుగురిలో ఒకరు. మా వారు ఇంటికొచ్చేదాకా మిగతా ఐదుగురి గురించి మాట్లాడారు. నేను ఆ ఒక్కరి గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఇంట్లో ‘జన్యు లోపం’ అన్న మాట పొక్కగానే ఇంకో గొడవ మొదలైంది. మా అత్తగారి తరఫువాళ్లు అమ్మాయి సంగతేంటని అడిగారు. అమ్మాయి నన్నేమీ అడగలేదు గానీ ఒక రాత్రి బాత్రూంలో ఫోన్ టార్చి వేసుకుని నాలుక చూసుకుంటుంటే చూశాను. “నాకూ ఉంటుందా అమ్మా?” అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోవడం, నా రిపోర్టుకన్నా ఎక్కువ బాధపెట్టింది. మర్నాడే తీసుకెళ్లాను. డాక్టరు గారు రెండు గ్రాఫులూ దాని ముందు పరిచారు. “ఇది మీ అమ్మ రక్తం. చూడు, 9పి, 17పి దగ్గర రెండూ ఉన్నాయి. ఇది మచ్చ. ఇక్కడ మాత్రమే ఒకటి పోయింది. ఈ లోపం ఆ కాస్త మేర కణాల్లో, పుట్టిన తర్వాత ఎప్పుడో వచ్చింది. మీ అమ్మ నీకిచ్చింది ఇది కాదు.” ఫ్యాంకోనీ అనీమియా లాంటి అరుదైన వంశపారంపర్య జబ్బుల్లో నోటి క్యాన్సర్ ప్రమాదం ఎక్కువేననీ, అందుకే మొదటి రోజే కుటుంబ చరిత్ర అంతా అడిగామనీ, మాకు అలాంటిదేమీ లేదనీ చెప్పారు. నా కూతురు ఆ రక్తం గ్రాఫును ఫోటో తీసుకుంది. బస్సెక్కాక నా భుజం మీద తల పెట్టుకుని పడుకుంది.

‘జన్యు’ అంటే అందరికీ వంశమే గుర్తొస్తుంది. ఈ మచ్చల్లో చూసేది దాదాపు ఎప్పుడూ వంశాన్ని కాదు, ఆ మచ్చలోని కణాలకు జీవితంలో తగిలిన దెబ్బల్ని. ఈ ముక్క ఎవరైనా ముందే చెప్పి ఉంటే మా ఇంట్లో ఒక నెల నలత తప్పేది.

ఇక ఏం చేయాలన్నది. మందేదైనా ఉందా అని అడిగాను. ఇలా జన్యు లోపాలతో ప్రమాదం ఎక్కువున్న 150 మందిని తీసుకుని, సగం మందికి ఎర్లోటినిబ్ అనే మాత్ర ఏడాది పాటు, సగం మందికి ఉత్త మాత్ర ఇచ్చి చూశారట. 2016లో ఫలితం వచ్చింది. క్యాన్సర్ రాకుండా ఆ మాత్ర ఆపలేకపోయింది. తీసేస్తే పోతుందా అంటే, ఆయన పూర్తిగా ఔననలేదు. పాత అధ్యయనాలన్నీ కలిపి 2009లో చూసిన లెక్కలో, డిస్‌ప్లాసియా మచ్చ తీయనివాళ్లలో 14.6 శాతం, తీయించుకున్నవాళ్లలో 5.4 శాతం క్యాన్సర్ అయ్యాయి. తగ్గుతుంది, సున్నా కాదు. రిపోర్టులో ‘స్వల్పం’ ఒక్కటే ఉండి ఉంటే నేను ఆరు నెలలు ఆగేదాన్ని. మా వారు అడిగిన “తెలిసి ఏం చేస్తాం” అన్నదానికి నాకు దొరికిన జవాబు అదే. తీయించుకున్నాను.

ఆపరేషన్ తర్వాత మూడు వారాలు మాట సరిగ్గా రాలేదు. నాలుక వెనక్కి మడవాల్సిన అక్షరాలన్నీ మొరాయించాయి. నీళ్లు అడిగితే ‘నీల్లు’ అని వచ్చేది. రోజూ పొద్దున్నే గదిలో కూర్చుని ట, డ, ణ, ళ గట్టిగా పలికేదాన్ని. అక్షరాలతో బతికే మనిషిని, ఆ ‘ళ’ తిరిగి వచ్చిన రోజు ఏడ్చేశాను.

తీసిన భాగం రిపోర్టులో మధ్యస్థ డిస్‌ప్లాసియా అని వచ్చింది, అంచులు శుభ్రంగా ఉన్నాయి. ఈసారి మేమెవరం ఫోన్లు చేయలేదు. శుభ్రంగా కనిపించిన ఆ అంచులోని కణాల్నీ పరీక్షిస్తే, ముందు వైపు అంచులో అదే 9పి లోపం ఉంది. కంటికి మామూలు పొర, సూక్ష్మదర్శినికీ మామూలు పొర. డాక్టరు గారికి ఆశ్చర్యం కలగలేదు. ఒకచోట మొలక కనబడేసరికి చుట్టుపక్కల నేల కూడా చెడి ఉండొచ్చని 1953లోనే స్లాటర్ అనే సర్జన్, ఆయన సహచరులు రాశారట. ‘ఫీల్డ్ క్యాన్సరైజేషన్’ అన్నది వాళ్లు పెట్టిన పేరే. అప్పటికి ఈ జన్యు పరీక్షలేవీ లేవు, క్యాన్సర్ తీసిన ముక్కల చుట్టూ ఉన్న పొరను చూసి చెప్పారు. అక్కడ కూడా కోసేయండి అన్నాను. ఎంతవరకని అడిగారు ఆయన. ఆ లోపం నాలుక మీద ఎక్కడిదాకా పాకిందో ఎవరూ గీత గీసి చెప్పలేరు, చెప్పగలిగినా నాలుక అంతా తీయలేం కదా అన్నారు.

కాబట్టి మూడు నెలలకోసారి వెళ్తున్నాను. నాలుకను గాజుగుడ్డతో పట్టుకుని బయటికి లాగి రెండు పక్కలా, అడుగునా చూస్తారు, మెడ గ్రంథులు తడుముతారు, చిన్న స్కేలు పక్కన పెట్టి ఫోటో తీస్తారు. మధ్యలో ఎర్రగా మారినా, గట్టిపడినా, రెండు వారాలు మానని పుండు పడినా ఆగకుండా రావాలి. ఎరుపు తెలుపుకన్నా ప్రమాదమని మాకు ఇంటిల్లిపాదికీ ఇప్పుడు తెలుసు. వెళ్లే ముందు రెండు రోజులు నేనెవరితోనూ మాట్లాడను. వాళ్లూ నన్ను కదపరు.

ఇది జరిగి రెండేళ్లయింది. కిందటిసారి పాత ఫోటోలూ కొత్తవీ పక్కపక్కన పెట్టి చూస్తే, మచ్చ తీసిన గీతకు ముందు వైపు, అంటే ఆ 9పి లోపం ఉన్న వైపే, మూడు మిల్లీమీటర్ల మేర పొర కాస్త తెల్లబడినట్టుంది. అక్కడే మళ్లీ ముక్క తీశారు. పోయిన శుక్రవారం రిపోర్టు చేతికిచ్చి నర్సు నవ్వుతూ, “డిస్‌ప్లాసియా లేదు మేడమ్” అంది. కుర్చీలో కూర్చుని కాసేపు కళ్లు మూసుకున్నాను. తర్వాత బ్లాకు దాచారా అని అడిగాను. దాచారట, ల్యాబుకు కూడా పంపారట. అమ్మాయి క్యాలెండర్‌లో తేదీ గుర్తుపెట్టింది.